ఢిల్లీ, ఆగ్రా, కాశీ: ఇంటిల్లిపాదితో ఉత్తరాది యాత్ర వేసుకునే పద్ధతి

ఉత్తరాది యాత్ర అనుకోగానే ఇంట్లో ఒక జాబితా మొదలవుతుంది. ఢిల్లీ, ఆగ్రా, మథుర, జైపూర్, హరిద్వార్, అయోధ్య, ప్రయాగ, కాశీ, ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా గయ కూడా. పది పన్నెండు రోజుల్లో ఇవన్నీ చుట్టేయాలని చూసేవాళ్లకు చివరికి గుర్తుండేది స్టేషన్లు, లాడ్జి గదులే. ఊరు మారిన ప్రతిసారీ కనీసం అరపూట పోతుంది: సామాను సర్దాలి, గది ఖాళీ చేయాలి, స్టేషన్ చేరాలి, ప్రయాణం చేయాలి, కొత్త ఊళ్లో ఆటో మాట్లాడుకోవాలి, మళ్లీ గది చూసుకోవాలి. వెంట అరవై దాటినవాళ్లు ఉంటే ఆ రోజంతా పోయినట్టే అనుకోండి. అందుకే ముందు రాసుకోవలసింది ఏం చూడాలన్నది కాదు, ఈసారికి ఏం వదిలేస్తున్నామన్నది.

పన్నెండు రోజులకు మూడు ఊళ్లు చాలు. పెద్దవాళ్లతో అయితే ఢిల్లీ, ఆగ్రా, కాశీ. పిల్లలే ఎక్కువమంది అయితే ఢిల్లీ, ఆగ్రా, జైపూర్. జైపూర్, కాశీ రెండూ కావాలనుకోవడం దగ్గరే చాలా ప్రణాళికలు చెడిపోతాయి. ఆగ్రాకు జైపూర్ పడమరగా సుమారు 240 కిలోమీటర్లు, కాశీ తూర్పుగా సుమారు 600 కిలోమీటర్లు. రెండింటినీ కలిపితే ఒక పగలో ఒక రాత్రో పూర్తిగా రైల్లోనే గడుస్తుంది. ఇక్కడ చెప్పేది కాశీ దారి గురించి.

మన సెలవులు, వాళ్ల వాతావరణం

తెలుగు ఇళ్లలో యాత్ర తేదీలను నిర్ణయించేది బడి సెలవులు. ఉన్న మూడు సెలవుల్లో రెండు ఉత్తరాదికి పనికిరావు. వేసవి సెలవుల్లో, అంటే మే నెలలో, ఢిల్లీ, ఆగ్రాల్లో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది. మనవైపు ఎండ అలవాటే కదా అనుకోవద్దు. అక్కడిది పొడి వేడి, వడగాలి. పైగా చూడవలసినవన్నీ ఎర్రరాయి, పాలరాయి కట్టడాలు. పదకొండు దాటాక వాటి ముంగిళ్లలో నిలబడలేరు.

సంక్రాంతి సెలవులు ఇంకా ఇబ్బంది. డిసెంబరు చివరి నుంచి జనవరి అంతా గంగా, యమునా మైదానమంతా పొగమంచు కమ్ముతుంది. రైళ్లు నాలుగు గంటలు, ఒక్కోసారి పది గంటలు ఆలస్యంగా నడుస్తాయి. ఢిల్లీలో తెల్లవారుజాము విమానాలు ఆగిపోతాయి. తాజ్ దగ్గర పొద్దున్నే నిలబడితే ఎదురుగా తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించకపోవచ్చు.

మిగిలింది దసరా. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా వానలు తగ్గి ఉంటాయి, చలి ఇంకా మొదలవదు. బడి పిల్లలున్న ఇంటికి ఇదే సరైన సమయం. దీపావళి దాటితే ఢిల్లీ గాలి చెడిపోతుంది. ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్లను నవంబరులో అక్కడికి తీసుకెళ్లకండి. పిల్లల చదువుల బాధ్యత తీరినవాళ్లకు ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి రెండో వారం దాకా అన్నిటికన్నా మంచి కాలం.

పంచాంగం విషయంలో ఒక చిక్కుంది. ఇది తెలియక ఇబ్బంది పడేవాళ్లు చాలామంది. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది, ఉత్తరాదిలో పౌర్ణమితో ముగుస్తుంది. కాబట్టి వాళ్ల సావన్ మన శ్రావణం కంటే పదిహేను రోజులు ముందే, ఆషాఢ పౌర్ణమి మర్నాడే మొదలవుతుంది. ఆషాఢంలో జనం ఉండరులే అనుకుని కాశీ టికెట్లు తీసుకున్నవాళ్లు నేరుగా కావడి యాత్రికుల రద్దీలోకి దిగుతారు. ఆ నెలలో సోమవారాలు విశ్వనాథుడి గుడి దరిదాపుల్లోకి వెళ్లడమే కష్టం. అదే సమయంలో గంగ పొంగి మెట్లు మునుగుతాయి. పడవలు ఆపేస్తారు, హారతిని కూడా పైకి మార్చేస్తారు. జూలై నుంచి సెప్టెంబరు మధ్య దాకా కాశీ పెట్టుకోకపోవడమే మంచిది.

మరో రెండు తేదీలు గుర్తు పెట్టుకోండి. దీపావళి తర్వాత ఆరో రోజు ఛఠ్ పండుగ. దానికి ముందు బీహార్ వైపు వెళ్లే రైళ్లు, తర్వాత అటునుంచి వచ్చే రైళ్లు కిక్కిరిసి ఉంటాయి. కాశీ నుంచి మనం తిరిగొచ్చే రైలు బీహార్‌లోని దానాపూర్‌లో బయల్దేరేదే. కార్తీక పౌర్ణమికి కాశీలో దేవ్ దీపావళి. చూడదగ్గ వేడుకే, కానీ గదుల అద్దెలు ఎన్నో రెట్లు పెరుగుతాయి, మెట్ల మీద కాలు పెట్టే చోటుండదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు దానికి ఒక వారం అటో ఇటో పెట్టుకోవాలి.

ఏ వారం ఎక్కడ ఉండాలి

తేదీలు అనుకున్నాక వారాలు చూడాలి. తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు. ఢిల్లీ నుంచి ఆగ్రాకు పొద్దున్నే వెళ్లే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ కూడా శుక్రవారం నడవదు. ఢిల్లీలో ఎర్రకోట, అక్షరధామ్, లోటస్ టెంపుల్, జాతీయ మ్యూజియం సోమవారం మూసి ఉంటాయి. సారనాథ్ మ్యూజియంకు శుక్రవారం సెలవు. కాశీ విశ్వనాథుడి గుడిలో సోమవారం జనం ఎక్కువ. ఆగస్టు 15కు ముందు రోజుల్లో ఎర్రకోటలోకి రానివ్వరు. జనవరి 26కు ముందు రిహార్సళ్ల కోసం ఇండియా గేట్ చుట్టుపక్కల దారులు మళ్లిస్తారు.

ఇవన్నీ కలిపి చూస్తే హైదరాబాద్ నుంచి శనివారం బయల్దేరడం కుదురుతుంది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే బయల్దేరి మర్నాడు ఉదయం న్యూఢిల్లీ చేరుతుంది. తర్వాత ఇలా:

ఆదివారం: స్నానం, భోజనం, నిద్ర. సాయంత్రం నాలుగింటికి హుమాయూన్ సమాధి, చీకటి పడ్డాక ఇండియా గేట్, పక్కనే జాతీయ యుద్ధ స్మారకం.
సోమవారం: ఉదయం కుతుబ్ మీనార్, మధ్యాహ్నం ఆంధ్రా భవన్‌లో భోజనం, తర్వాత బంగ్లా సాహిబ్ గురుద్వారా, బిర్లా మందిర్. ఇవేవీ సోమవారం మూయరు.
మంగళవారం: ఉదయం ఎర్రకోట, చాందినీ చౌక్, మధ్యాహ్నం నుంచి అక్షరధామ్.
బుధవారం: పొద్దుటి రైల్లో ఆగ్రా. మధ్యాహ్నం ఆగ్రా కోట, సూర్యాస్తమయానికి తాజ్‌కు ఎదురుగా యమున అవతల ఉన్న తోట మెహతాబ్ బాగ్.
గురువారం: తెల్లవారుతూనే తాజ్. ఓపిక ఉంటే ఫతేపూర్ సిక్రీ, లేకపోతే ఇతిమాద్ ఉద్దౌలా సమాధి. రాత్రి రైలు.
శుక్రవారం: కాశీ. పగలంతా విశ్రాంతి, సాయంత్రం గంగా హారతి.
శనివారం: తెల్లవారుజామున పడవ, తర్వాత విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి.
ఆదివారం: సారనాథ్, కాలభైరవుడు.
సోమవారం: ఏ పనీ పెట్టుకోని రోజు.
మంగళవారం: తిరుగు ప్రయాణం, బుధవారానికి ఇల్లు.

చివరి సోమవారాన్ని ఖాళీగా ఉంచడం దండగ అనిపిస్తుంది. అది తీసేయకండి. రైలు ఆలస్యం, ఒకరికి జ్వరం, దర్శనం మర్నాటికి వాయిదా పడటం, ఈ మూడింటిలో ఏదో ఒకటి జరుగుతుంది. ఏమీ జరగకపోతే కాశీలో ఇంకో పూట గంగ ఒడ్డున కూర్చోవచ్చు. సెలవు పది రోజులే ఉంటే ఊళ్లను, మధ్యలో విశ్రాంతిని కుదించకుండా ఒకవైపు విమానంలో వెళ్లండి.

రైలు టికెట్లు: ఇక్కడే అసలు పని

రిజర్వేషన్ 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకు తెరుస్తారు. 2024 నవంబరుకు ముందు ఇది 120 రోజులు. పాత లెక్క మనసులో పెట్టుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ప్రయాణం రోజును లెక్కలోకి తీసుకోకూడదు. ఇంకో సంగతి, ఈ 60 రోజులు రైలు మొదట బయల్దేరే స్టేషన్ తేదీని బట్టి. చెన్నైలో రాత్రి బయల్దేరే తమిళనాడు ఎక్స్‌ప్రెస్ విజయవాడకు తెల్లవారుజామున, అంటే మర్నాటి తేదీన వస్తుంది. కాబట్టి విజయవాడ తేదీకి 61 రోజుల ముందే దాని రిజర్వేషన్ తెరుచుకుంటుంది. 60 లెక్కపెట్టి కూర్చున్నవాళ్లకు దసరా రోజుల్లో వెయిటింగ్ లిస్టే మిగులుతుంది.

తెరిచీ తెరవగానే ఆధార్‌తో ధ్రువీకరించుకున్న ఐఆర్‌సీటీసీ (రైల్వే టికెట్ల వెబ్‌సైట్) ఖాతాలకే టికెట్లు దొరుకుతాయి. ఆన్‌లైన్ తత్కాల్‌కూ ఆధార్ తప్పనిసరి. ఈ పని పదిహేను రోజుల ముందే చేసి పెట్టుకోవాలి, ఉదయం 7.55కు కాదు. ప్రయాణికుల పేర్లు, వయసులు మాస్టర్ లిస్టులో ముందే ఎక్కించి ఉంచితే ఎనిమిదింటికి టైపు చేసే పని ఉండదు.

కింది బెర్తుల విషయంలో చాలామంది చేసే పొరపాటు, ఇంట్లోవాళ్లందరినీ ఒకే టికెట్‌లో పెట్టడం. ఒక టికెట్‌కు ఆరుగురిదాకా పెట్టవచ్చు గానీ, 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు ఉండే లోయర్ బెర్త్ కోటా ఒకరో ఇద్దరో ఉన్న టికెట్‌కే వర్తిస్తుంది. అమ్మానాన్నలకు విడిగా ఆ కోటాలో టికెట్ తీసుకుని, మిగతావాళ్లకు మామూలు కోటాలో తీసుకోండి. బోగీలు వేరు కావచ్చు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి పై బెర్త్ రావడం కంటే అది చాలా నయం. సీనియర్ సిటిజన్లకు ఛార్జీల్లో ఉండిన రాయితీ 2020 మార్చి నుంచి లేదు. ఖర్చు లెక్కలో పూర్తి ఛార్జీ వేసుకోండి.

వెయిటింగ్ లిస్టు అన్నిచోట్లా ఒకటి కాదు. రైలు మొదలయ్యే స్టేషన్‌లో ఎక్కేవాళ్లకు ఇచ్చే జనరల్ వెయిటింగ్ లిస్టు ఖరారయ్యే అవకాశం ఎక్కువ. మధ్య స్టేషన్లకు ఇచ్చే పూల్డ్ కోటా, రిమోట్ లొకేషన్ లిస్టుల్లో పదో నంబరు కూడా కదలకపోవచ్చు. చార్టు తయారయ్యాక కూడా వెయిటింగ్‌లోనే ఉన్న ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దవుతుంది, దానితో రిజర్వేషన్ బోగీ ఎక్కకూడదు. తత్కాల్ ముందు రోజు తెరుస్తారు, ఏసీకి ఉదయం 10, స్లీపర్‌కు 11. ఒక టికెట్‌కు నలుగురే. ఖరారైన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు రాదు. ఇంటిల్లిపాది యాత్రకు తత్కాల్‌ను నమ్ముకోవద్దు.

అర్ధరాత్రి దాటాక వచ్చే రైలు తేదీ దగ్గర జాగ్రత్త. ఆగ్రా నుంచి గురువారం రాత్రి కాశీకి వెళ్లాలి, రైలు 12.40కి అనుకోండి. టికెట్ శుక్రవారం తేదీతో తీసుకోవాలి. గురువారం తేదీ వేస్తే మీ రైలు ఒక రోజు ముందే వెళ్లిపోయినట్టు. ఆగ్రా నుంచి కాశీ వైపు రైళ్లు ఆగ్రా కంటోన్మెంట్, ఆగ్రా ఫోర్ట్‌ల నుంచే కాక తూండ్లా నుంచీ వెతకండి. తూండ్లా ఢిల్లీ–హౌరా ప్రధాన మార్గంలో ఉంది, ఆగ్రా నుంచి సుమారు 25 కిలోమీటర్లు. అక్కడ ఎంచుకోవడానికి రైళ్లు ఎక్కువ. రాత్రి ప్రయాణం పడనివాళ్లు ఆగ్రా–వారణాసి వందేభారత్ చూసుకోవచ్చు. అది నడవని వారం ఏదో ముందే చూసి ఒక రోజు అటూ ఇటూ సర్దుకోవాలి.

స్టేషన్ల పేర్లు టికెట్ మీద ఒకటికి రెండుసార్లు చదవండి. ఢిల్లీలో న్యూఢిల్లీ, పాత ఢిల్లీ, హజ్రత్ నిజాముద్దీన్, ఆనంద్ విహార్ నాలుగూ వేర్వేరు చోట్ల ఉన్నాయి. గతిమాన్ బయల్దేరేది నిజాముద్దీన్ నుంచి. కాశీకి వారణాసి జంక్షన్ ఉంది. పూర్వం మండువాడీ అనిపించుకున్న బనారస్ స్టేషన్ వేరు. కాశీ అనే పేరుతోనే ఒక చిన్న స్టేషన్, వారణాసి సిటీ మరొకటి. మన రైళ్లు ఎక్కువగా ఆగేది గంగకు అవతల ఉన్న పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో. పాత పేరు మొఘల్‌సరాయ్, ఆటోవాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు. ఊళ్లోకి సుమారు 16 కిలోమీటర్లు.

చలికాలంలోనే వెళ్లక తప్పకపోతే ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కే ఏర్పాటు పెట్టుకోకండి, మధ్యలో ఒక రాత్రి ఉండేలా చూడండి. ఢిల్లీ నుంచి విమానమైతే ఉదయం పదకొండు తర్వాతది తీసుకోండి. రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే, ఆ రైలు మీ స్టేషన్ నుంచి కదిలేలోపు టీడీఆర్, అంటే డబ్బు వాపసుకు ఆన్‌లైన్ అర్జీ, వేస్తే పూర్తి డబ్బు వెనక్కి వస్తుంది. రైలు కదిలిపోయాక వేస్తే రాదు.

ఢిల్లీలో

గది ఎక్కడైనా తీసుకోండి, మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. ఆటో బేరాలు, ట్రాఫిక్ రెండూ తప్పుతాయి. ఎర్రకోటకు వయొలెట్ లైన్‌లో లాల్ ఖిలా స్టేషన్, అక్షరధామ్‌కు బ్లూ లైన్‌లో అదే పేరు. కుతుబ్ మీనార్ స్టేషన్ పేరు చూసి పక్కనే అనుకోకండి, దిగాక ఆటో కావాలి. న్యూఢిల్లీ రైల్వే స్టేషన్‌కు రెండు వైపులు: పహాడ్‌గంజ్, అజ్మేరీ గేట్. మెట్రో అజ్మేరీ గేట్ వైపు ఉంటుంది. స్టేషన్ బయట ఎవరైనా దగ్గరికొచ్చి మీ రైలు రద్దయింది, టికెట్ ఆఫీసుకు తీసుకెళ్తానంటే పలకకుండా ముందుకు నడవండి. రైలు సంగతి స్టేషన్ లోపలి బోర్డు, మీ ఫోన్ చెప్తాయి.

చూసే వరుసలో ఒక క్రమం ఉంటే పిల్లలకు కథ అర్థమవుతుంది. హుమాయూన్ సమాధి 1570 ప్రాంతంలో పూర్తయింది. నాలుగు భాగాల తోట, ఎత్తైన అరుగు, మధ్యలో గుమ్మటం. ఆ తర్వాత అరవై ఏళ్లకు షాజహాన్ మొదలుపెట్టిన తాజ్‌లో ఇదే నమూనా పాలరాతిలో కనిపిస్తుంది. ఇది ముందు చూసి వెళ్లినవాళ్లు తాజ్ ముందు ఎక్కువసేపు నిలబడతారు. ఎర్రకోటలో దీవాన్-ఎ-ఖాస్ దగ్గర కాసేపు ఆగండి. నెమలి సింహాసనం ఉండింది అక్కడే. 1739లో నాదిర్ షా దాన్ని ఎత్తుకుపోయాడు, కోహినూర్ కూడా ఆ దోపిడీలోనే పోయింది. ఆ వజ్రం పుట్టిందని చెప్పే కొల్లూరు గనులు మన కృష్ణ ఒడ్డునే. ఈ మాట చెప్తే పిల్లలు ఆ ఖాళీ మంటపాన్ని ఇంకోలా చూస్తారు.

అక్షరధామ్‌లోకి ఫోన్లు, కెమెరాలు, సంచులు తీసుకెళ్లనివ్వరు. క్లోక్ రూములో పెట్టడానికి ఒక వరుస, తనిఖీకి ఇంకొకటి. మధ్యాహ్నం రెండున్నరకల్లా చేరితే ప్రదర్శనలు, సాయంత్రం నీటి వెలుగుల కార్యక్రమం రెండూ అందుతాయి. ఫోన్లు లేకుండా లోపల విడిపోతే కలుసుకోవడం కష్టం, ఫలానా చోట ఫలానా గంటకని ముందే అనుకోండి.

అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో మధ్యాహ్నం మన భోజనం దొరుకుతుంది, పప్పు, చారు, పచ్చడి, పెరుగు, అడిగినంత అన్నం. ఆదివారం బిర్యానీ కోసం వరుస చాలా పొడుగ్గా ఉంటుంది. అందుకే పై ప్రణాళికలో దాన్ని సోమవారం పెట్టాం.

తాజ్ దగ్గర

సూర్యోదయానికి అరగంట ముందు తెరిచి, సూర్యాస్తమయానికి అరగంట ముందు మూస్తారు. భారతీయులకు ప్రవేశం రూ. 50, సమాధి ఉన్న ప్రధాన కట్టడం ఎక్కాలంటే ఇంకో రూ. 200. పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. టికెట్ మూడు గంటలే చెల్లుతుంది. భారత పురాతత్వ శాఖ వెబ్‌సైట్‌లో ముందు రోజే తీసుకోండి. అమెరికా నుంచో మరోచోటి నుంచో వచ్చిన చుట్టాలు వెంట ఉంటే వాళ్ల ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) తప్పకుండా దగ్గర పెట్టుకోమనండి. కార్డు ఉంటే భారతీయుల రేటే, లేకపోతే విదేశీయుల రేటు.

పెట్రోలు, డీజిలు బండ్లను కట్టడానికి ఐదు వందల మీటర్ల ఇవతలే ఆపుతారు. తూర్పు గేటుకైతే శిల్పగ్రామ్ దగ్గర దిగి బ్యాటరీ బండి ఎక్కాలి. పెద్దవాళ్లను నడిపించవద్దు, లోపల కూడా నడక ఎక్కువే. చక్రాల కుర్చీ కావాలంటే టికెట్ కౌంటర్ దగ్గరే అడగండి. తినుబండారాలు, అగ్గిపెట్టెలు, పొగాకు, ట్రైపాడ్లు, పెద్ద సంచులు తనిఖీలో ఆపేస్తారు. ఒక్కరి సంచి ఆగితే అందరి వరుసా పోతుంది. ఫోను, నీళ్ల సీసా, మందులు తప్ప మిగతావన్నీ గదిలోనే వదిలి వెళ్లండి.

పొగమంచు రోజుల్లో పొద్దున్నే వెళ్లడం వల్ల లాభం లేదు. పదకొండు దాటాక మంచు తేలిపోయినప్పుడు వెళ్లండి. మిగతా కాలాల్లో మాత్రం తెల్లవారే సమయానికి సాటి లేదు, జనమూ తక్కువ. మీ తేదీలు పౌర్ణమికి దగ్గరగా ఉంటే ఇంకో అవకాశం ఉంది. పౌర్ణమి రాత్రి, దానికి ముందు రెండు, తర్వాత రెండు రాత్రులు తాజ్ చూడనిస్తారు, శుక్రవారాలు, రంజాన్ నెల తప్ప. యాభైమందికి ఒక జట్టు, జట్టుకు అరగంట. టికెట్ ముందు రోజే తీసుకోవాలి.

గైడ్ కావాలంటే మెడలో ప్రభుత్వ లైసెన్సు కార్డు చూసి, మొత్తం ఎంతో ముందే అనుకుని తీసుకోండి. పాలరాతి దుకాణానికి రాము అని మొదటే చెప్పేయండి. చాలామంది అక్కడి కమీషన్‌ను నమ్ముకుని రేటు తగ్గిస్తారు. దుకాణంలో పోయే గంట, ఆగ్రా కోటలో గడపవలసిన గంట. తాజ్ చూసి ఆగ్రా కోటను వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు, అది పెద్ద నష్టం. షాజహాన్‌ను కొడుకు ఔరంగజేబు బంధించింది ఆ కోటలోనే, అక్కడి ముసమ్మన్ బుర్జ్ నుంచి యమున వంపు మీదుగా తాజ్ కనిపిస్తుంది.

కాశీలో

బస ముందు. తెలుగువాళ్లకు కేదార్ ఘాట్, మానససరోవర్, పాండే హవేలీ ప్రాంతం అనుకూలం. శ్రీరామతారక ఆంధ్రాశ్రమం అక్కడే ఉంది, మన సత్రాలు మరికొన్ని ఆ చుట్టుపక్కలే. తెలుగులో మాట్లాడవచ్చు, మధ్యాహ్నం మన భోజనం దొరుకుతుంది. కార్తీకం, మాఘం, పుష్కరాల్లాంటి రోజుల్లో నెలల ముందు అడగాలి. అందరి ఆధార్ కార్డులూ తీసుకెళ్లండి. ఫోన్ చేసినప్పుడు మూడు ప్రశ్నలు అడగడం మరవద్దు: గది ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా, కుర్చీ తరహా మరుగుదొడ్డి ఉందా. ఆ సందుల్లో కార్లు రావు. పెద్ద రోడ్డు నుంచి సామాను మోసుకునో, మోయించుకునో నడవాలి. చక్రాల సూట్‌కేసు రాళ్ల సందుల్లో లాగలేరు, మనిషికొక భుజం సంచి నయం. తొమ్మిది రాత్రుల నిద్ర మొక్కు ఉన్నవాళ్లు ఈ ప్రణాళికలో ఇమడరు. వాళ్లు ఢిల్లీ, ఆగ్రా మానేసి నేరుగా కాశీకే రావాలి.

ఘాట్లన్నీ గంగకు పడమటి ఒడ్డున, తూర్పు ముఖంగా ఉన్నాయి. సూర్యుడు అవతలి ఒడ్డు నుంచి లేచి మెట్ల మీద పడతాడు. అందుకే ఊరును చూడాలంటే తెల్లవారుజాము పడవే ఎక్కాలి, సాయంత్రం పడవ హారతి కోసం. బేరం మనిషికి ఇంతని కాకుండా పడవ మొత్తానికి మాట్లాడండి. ఏ ఘాట్ నుంచి ఏ ఘాట్ దాకా, ఎంతసేపు, తిరిగి ఎక్కిన చోటే దింపుతారా, ఇవన్నీ ఎక్కకముందే తేల్చుకోవాలి. లైఫ్ జాకెట్ అడిగి తొడుక్కోండి. దశాశ్వమేధ ఘాట్ హారతికి కనీసం గంట ముందు వెళ్తేనే మెట్ల మీద చోటు దొరుకుతుంది. సాయంత్రాలు గోదౌలియా దగ్గరే బండ్లు ఆపేస్తారు, అక్కడి నుంచి జనంలో నడక. మోకాళ్ల నొప్పులవాళ్లు కేదార్ ఘాట్ దగ్గరే పడవ ఎక్కి నీళ్ల మీద నుంచి చూడటం సుఖం.

విశ్వనాథుడి దర్శనానికి ఫోన్లు, స్మార్ట్ వాచీలు, ఇయర్‌ఫోన్లు, పెన్నులు, తోలు బెల్టులు ఏవీ పనికిరావు. గదిలో వదిలి వెళ్లండి. దారిలో దుకాణాలవాళ్లు లాకర్ ఉచితం అంటారు, తర్వాత పూజ బుట్ట కొనక తప్పదు. త్వరగా అయ్యే సుగమ దర్శనం టికెట్ గుడి సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకోండి. అలాంటి పేరుతో వేరే సైట్లు, మధ్యవర్తులు ఉన్నారు. విశాలాక్షి గుడి చిన్నది, సందుల్లో లోపలికి ఉంటుంది. మనవాళ్లకు అది ముఖ్యం కాబట్టి విశ్వనాథుడి గుడి నుంచి బయటికి రాగానే వెళ్లడం సుళువు. పిండప్రదానం చేయించేవాళ్లు ఘాట్‌లో మాట్లాడుకోకుండా ఆశ్రమంలో అడిగి, సామగ్రితో కలిపి మొత్తం ఎంతో తెలుసుకుని మొదలుపెట్టండి. దహనాలు జరిగే మణికర్ణిక ఘాట్‌లో ఫొటోలు తీయకూడదు. కట్టెలకు చందా అడిగేవాళ్లకు నమస్కారం పెట్టి కదలండి.

తిండి, చలి, బేరాలు

ఉత్తరప్రదేశ్‌లో చాలాచోట్ల ఆవనూనెతో వండుతారు. వాసన పడనివాళ్లు రెండు రోజుల్లో తిండి మానేస్తారు. వేరే నూనెతో చేస్తారా అని అడగండి, లేదా పప్పు, పెరుగు, రోటీలతో సరిపెట్టండి. తందూరీ రోటీ చల్లారితే గట్టిపడుతుంది. కట్టుడు పళ్లవాళ్లకు తవా రోటీ అని చెప్పి తెప్పించండి. ఇంటి నుంచి ఆవకాయ కంటే కారప్పొడి, కందిపొడి మేలు. నూనె కారదు, బట్టలు పాడవవు. రైల్లో ఛార్జింగ్ ప్లగ్గుకు ఎలక్ట్రిక్ కెటిల్ తగిలించకండి, అది నిషేధం. ఆ ప్లగ్గులు అంత విద్యుత్తును తట్టుకునేవి కావు.

చలి విషయంలో మనవాళ్ల అంచనా ఎప్పుడూ తక్కువే. జనవరిలో ఢిల్లీ రాత్రులు ఐదారు డిగ్రీలకు దిగుతాయి. ఒక లావుపాటి స్వెటర్ కంటే లోపల థర్మల్స్, పైన పలచటి స్వెటర్, ఆపైన గాలి ఆపే జాకెట్ వెచ్చగా ఉంటాయి. పడవలో, గుళ్లలో చెప్పులు విప్పిన చోట కాళ్లే ముందు కొంకర్లు పోతాయి, కాబట్టి మనిషికి నాలుగు జతల మేజోళ్లు. బీపీ, షుగరు మందులు యాత్ర రోజులకు ఇంకో నాలుగు రోజులు కలిపి, డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో ఉంచండి.

బేరంలో హిందీ అంకెలు ఇబ్బంది పెడతాయి. డేఢ్ సౌ అంటే 150, ఢాయీ సౌ అంటే 250, సాఢే తీన్ సౌ అంటే 350. సందేహం వస్తే ఫోన్‌లో అంకె కొట్టించి చూపించమనండి. యూపీఐ దాదాపు అంతటా ఉంది గానీ, రిక్షాలకు, గుళ్లలో పళ్లేలకు పది, ఇరవై, యాభై నోట్లు ఒక కట్ట వేరే పెట్టుకోండి. పెద్ద నోటు ఇస్తే చిల్లర తిరిగి రావడం కష్టం.

తిరుగు ప్రయాణానికి దానాపూర్–సికింద్రాబాద్ ఎక్స్‌ప్రెస్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో ఎక్కాలి, మర్నాటికి సికింద్రాబాద్. విజయవాడ వైపు వాళ్లకు సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్. కేదార్ ఘాట్ నుంచి ఆ జంక్షన్‌కు గంటలో వెళ్లిపోవచ్చని చెప్తారు. రాజ్‌ఘాట్ దగ్గర మాలవీయ వంతెన మీద బండ్లు నిలిచిపోతే ఆ గంట రెండున్నర అవుతుంది. రైలు సమయానికి మూడు గంటల ముందు గది వదలండి, మధ్యాహ్నం భోజనం పొట్లాలు కట్టించుకుని వెంట తీసుకెళ్లండి.